రాజు లేని చీమలు

"యంత్రం తప్పు చేసింది" అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే ఇంటికి వెళ్ళిపోవచ్చని చెప్పినా, ఆ ఇంజనీరమ్మ ససేమిరా అంది. తప్పు చేసి కూడా ఒప్పుకోనివాళ్ళని నా డిటెక్టివ్ వృత్తిలో బోలెడంత మందిని చూశాను. తప్పు చేయకుండా జైలుకైనా పోతాను కానీ నా బండ్లని ఒక్క మాట అననివ్వనని భీష్మించుకుని కూర్చున్న మనిషిని చూడటం మాత్రం అదే మొదలు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలోనే ఆవిడ నాకు నచ్చేసింది.

"నాలుగింటికి ఈవిడని స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను, వదినగారూ," అన్నాడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్. "ఇంకా గంటన్నర ఉంది. మీ ముచ్చట కూడా తీర్చుకోండి."

ఈ ఇన్‌స్పెక్టర్ నా చెల్లెలి మొగుడు. ఇంట్లో నోరారా వదినా అని పిలిచి రెండోసారి వడ్డించుకునే మనిషే. ఏదైనా కేసులో ఎదురుపడ్డామా, ఆ పిలుపు వెనక 'గారూ' వచ్చి చేరుతుంది, ఎంత పొడుగు లాగితే అంత ఎగతాళి. నేనేం తక్కువ తిన్నానా? కానిస్టేబుళ్ళ ముందు ఆయన నాకు ఎప్పుడూ మరిదిగారే.

"గంటన్నర ఎందుకు మరిదిగారూ, గంట చాలు," అన్నాను. చాలుతుందో లేదో నాకే తెలియదు. కానీ ఆయన దగ్గర తగ్గడం నా ఒంట్లో లేదు.

జరిగింది ఇది. మేమున్నది ఒక పెద్ద మందుల గోడౌన్. అందులో మందుల ర్యాకుల్ని మనుషులు మోయరు. మోకాలెత్తు బల్లపరుపు బండ్లు వాటి కిందికి దూరి, వీపు మీదికెత్తుకుని, వాటంతటవే కావలసిన చోటికి తీసుకెళ్తాయి. అలాంటివి నూట ఇరవై ఉన్నాయి. వాటిని తయారుచేసింది ఈ ఇంజనీరమ్మ. గోడౌన్‌లో అందరూ వాటిని చీమలంటారు. నిన్న మధ్యాహ్నం స్టోర్ కీపర్ ఆ ర్యాకుల మధ్య నడుస్తుండగా రెండు వైపుల నుంచి ర్యాకులు దగ్గరికొచ్చి ఆయన్ని నొక్కేశాయి. ఒక మందుపెట్టె అడ్డం పడబట్టి ప్రాణం మిగిలింది. పక్కటెముకలు విరిగి, తెలివి లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు. చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే కాబట్టి నేనూ బాబాయనే అంటాను.

నన్ను ఈ కేసులోకి పిలిచింది బాబాయి భార్య. "ఆ పిల్ల మా ఆయన్ని చంపబోయిందంటే నేను నమ్మనమ్మా," అంది పొద్దున ఆసుపత్రి వరండాలో. "మూడు రోజుల నుంచీ ఆయన సరిగా తినడం లేదు. చల్లగదిలో మిషను ఆగిపోయి మందులు పాడయ్యాయట. వాటిని బయటికి పంపనంటే పంపనని కూర్చున్నాడు. ఎవరితో గొడవపడ్డాడో మాత్రం నాకు చెప్పలేదు." ఆ మాట నేను మనసులో భద్రంగా దాచుకున్నాను. మరిదికి చెప్పాను కూడా. ఆయన చెవిన పెట్టలేదు.

ఇంజనీరమ్మకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. రాత్రంతా నిద్రలేక కళ్ళు లోతుకుపోయాయి గానీ, వెన్ను మాత్రం నిటారుగా ఉంది.

"ఏమ్మా, ఈ చీమలకి హుకుం ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరు మేడమ్. ఎవరూ ఇవ్వలేరు." గడ్డం పైకెత్తింది. "నా చీమలకి రాజు లేడు."

"రాజు లేకుండా నూట ఇరవై బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఎలా తిరుగుతాయి?"

"మీ వీధిలో వార్త ఎలా పాకుతుంది? ఎవరూ మైకు పట్టుకుని చెప్పరు కదా. మీరు పక్కింటావిడకి చెప్తారు, ఆవిడ ఆ పక్కింటికి చెప్తుంది. ఇవీ అంతే. ప్రతి చీమా తన చుట్టూ ఉన్న నాలుగైదు చీమలతోనే మాట్లాడుతుంది. అవి చెప్పింది వింటుంది, తను అనుకున్నదాన్ని కొంచెం సర్దుకుంటుంది. అలా సర్దుకుంటూ సర్దుకుంటూ కాసేపట్లో అన్నీ ఒకే మాట మీదికి వస్తాయి. అదీ ఊరికే వాగవు. తనకి తెలిసినదానికీ పొరుగు చీమ అనుకుంటున్నదానికీ తేడా వస్తేనే నోరు విప్పుతాయి. అందుకే బ్యాటరీ ఆదా, పని చకచకా."

"అవసరమైతేనే నోరు విప్పడమా!" అన్నాడు మరిది. "మా ఆవిడకి కూడా ఇలాంటిదేదైనా బిగించగలరేమో అడగండి వదినగారూ."

"అడుగుతాను. ముందు మీ మాట మా చెల్లెలికి చేరేస్తాను," అన్నాను. ఇద్దరు కానిస్టేబుళ్ళు గోడ వైపు తిరిగి దగ్గారు.

మరిది మొహం గంటు పెట్టుకున్నాడు. "సరదాలు చాలుగానీ, నా లెక్క వినండి. యంత్రాన్ని మా నిపుణుడు పరీక్షించాడు, లోపం లేదన్నాడు. లోపం లేదని ఈవిడా అంటోంది. మరి ర్యాకులు బాబాయి మీదికెందుకొచ్చాయి? ఎవరో రప్పించారు. రప్పించే తెలివి ఈ కట్టడంలో ఒక్కరికే ఉంది. పైగా మొన్న అందరూ చూస్తుండగా ఈవిడ బాబాయితో పోట్లాడింది."

"పోట్లాడావా?" అడిగాను.

"పోట్లాడాను," అంది ఇంజనీరమ్మ. "ఆయన మూలనున్న చీమకి 'బుజ్జి' అని పేరు పెట్టాడు. దాని మీద బరువు తక్కువ వేయమంటాడు, అలిసిపోతుందట. యంత్రం అలవదు బాబాయ్, అలా తక్కువ వేస్తే మిగతావాటి లెక్క పాడవుతుందని అరిచాను. నా చీమల్ని నాకంటే ఎక్కువ ముద్దు చేసింది ఆయనొక్కడే మేడమ్."

గోడౌన్ యజమానిని అందరూ పెద్దసారు అంటారు. యంత్రం తప్పని రాసిస్తే కేసు ఉండదు, ఇన్సూరెన్స్‌వాళ్ళు నష్టం భరిస్తారు, చీమల్ని తుక్కు కింద అమ్మేద్దామని పొద్దున్నే కబురు పంపింది ఆయనే.

"పెద్దసారు ఎంత మంచివాడో చూడండి," అన్నాడు మరిది. "నిన్న కేక వినగానే అందరికంటే ముందు పరిగెత్తుకెళ్ళింది ఆయనే. ఎర్ర మీట నొక్కి చీమల్ని ఆపిందీ ఆయనే. బాబాయిని బయటికి మోయించి, ఎవరూ ఏమీ ముట్టుకోకూడదని అందర్నీ పంపించేసి, మేమొచ్చేదాకా ఒక్కడే లోపల కాపలా ఉన్నాడు. ఇప్పుడీవిడ మీద కూడా కేసు వద్దంటున్నాడు."

"చాలా మంచివాడే," అన్నాను. ఇంజనీరమ్మ వైపు తిరిగి, "పదమ్మా, ఆ చోటు చూపించు," అన్నాను.

లోపల నిన్న ఆపిన చీమలు ఆపినట్టే ఉన్నాయి. రెండు నిలువుల ఎత్తు ర్యాకులు ఒకదాన్నొకటి ఆనుకుని గోడలా నిలబడ్డాయి. వాటి మధ్య ఎక్కడా సందు లేదు.

"మనిషి నడిచేదెక్కడ?"

"మనిషి నడుస్తుంటే ముందు దారి విచ్చుకుంటుంది, వెనక మూసుకుంటుంది," అంది ఇంజనీరమ్మ. "సందుల కోసం ఖాళీ వదిలితే సగం గోడౌన్ వృథా కదా. ఇక్కడ ఒకటే నియమం: ఒకసారి ఒక్కరే లోపలికి వెళ్ళాలి. గుమ్మం దగ్గర మెరుపు పట్టీల జాకెట్ ఒకటే ఉంటుంది. అది తొడుక్కున్నవాళ్ళే వెళ్తారు. చీమలు ఆ పట్టీలు చూసి మనిషిని గుర్తుపడతాయి."

"అన్ని చీమలకీ కనిపిస్తాడా ఆ మనిషి?"

"లేదు. చీమకి కన్ను ముందు వైపే ఉంది. గుమ్మం దగ్గరున్న చీమ, లోపలికెళ్ళేటప్పుడు చూస్తుంది. ర్యాకుల మధ్యకి వెళ్ళాక అంతా మాట మీదే నడుస్తుంది. మనిషి ఇప్పుడు ఇక్కడున్నాడు, ఇంత దూరం వచ్చాడు అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. పక్కకి జరిగేటప్పుడు చీమకి పొరుగు చీమ మాటే కన్ను." ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది. కాసేపు తను ముద్దాయినన్న సంగతే మరిచిపోయింది.

నేను గోడ వెంబడి ఉన్న సన్నటి దారిలో, వంగి ర్యాకుల కింద ఒక్కో వరుసా చూసుకుంటూ వెళ్ళాను. ప్రతి చీమ నుదుటి మీదా చిన్న ఆకుపచ్చ గీతలు వెలుగుతున్నాయి. బ్యాటరీ నిండా ఉంటే అయిదు గీతలు, తగ్గేకొద్దీ గీతలూ తగ్గుతాయట. మొదటి వరుసలో అన్నిటికీ మూడు గీతలు. రెండో వరుసలో మూడు. అలా చివరిదాకా మూడే.

చిట్టచివరి మూలన, గోడకి ఎదురుగా మొహం పెట్టి నిలబడ్డ చీమ నుదుటి మీద మాత్రం అయిదు గీతలున్నాయి.

"మరిదిగారూ, ఇటు ఎన్నిసార్లు వచ్చారు?"

"నిన్నటి నుంచీ నాలుగైదుసార్లు వచ్చుంటాను. ఆగిపోయినవి, కాలిపోయినవి ఏవైనా ఉన్నాయేమోనని ప్రతిదీ చూశాం. అది బాగానే ఉంది, నిండుగా ఉంది."

"అదే మరి. ఎందుకు నిండుగా ఉంది?"

"నిండుగా ఉండటం కూడా నేరమేనా వదినగారూ?"

ఇంజనీరమ్మ నవ్వలేదు. ఆ చీమ దగ్గరికొచ్చి దాని నుదురు వంక రెప్పవేయకుండా చూసింది. "ఇది బుజ్జి," అంది మెల్లగా. "ఇలా ఉండటానికి వీల్లేదు మేడమ్. బ్యాటరీ నిండుగా ఉన్న చీమ బరువు పని తీసుకుంటుంది, తగ్గినది తేలిక పని తీసుకుంటుంది. తమలో తాము అలా పంచుకుంటాయి. అందుకే ఎప్పుడు చూసినా అన్నీ దాదాపు సమానంగానే ఉంటాయి. నూట పంతొమ్మిది మూడు దగ్గరుంటే ఒకటి అయిదు దగ్గర ఉండదు. ఎవరో దీనికి బ్యాటరీ మార్చారు."

నేను నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళు రెండూ పటుక్కుమన్నాయి. ఈ వయసులో నేల మీద పాకే ఉద్యోగం ఎందుకే అని మా చెల్లెలు అంటూనే ఉంటుంది. ఈ వయసులోనూ పాకగలుగుతున్నందుకు నాకు గర్వమేనని నేను అంటూనే ఉంటాను. చీమ పొట్ట కింద చెయ్యి పెట్టి తడిమాను. బండి బాగా తుడిచినట్టు నున్నగా ఉంది. ఒక్కచోట మాత్రం వేలు అతుక్కుంది.

"ఇక్కడ రూపాయి బిళ్ళంత గుండ్రంగా, చిల్లులు చిల్లులుగా ఉన్నదేమిటి?"

ఇంజనీరమ్మ జవాబు చెప్పడానికి ఒక్క క్షణం ఎక్కువ తీసుకుంది. "దాని చెవి."

"మాట్లాడే నోరు?"

"అది నుదుటి దగ్గర, వేరే."

వేలు బయటికి తీసి వెలుతురులో చూశాను. జిగురు అంటింది. ఆ జిగురులో గోరంత వెండిరేకు ముక్క ఉంది. మాత్రల అట్టల వెనక ఉండే రేకు అది. మందుల గోడౌన్‌లో దానికేం కరువు?

"ఏమ్మా," అన్నాను లేవకుండానే. "చీమ చెవి మూసేస్తే ఏమవుతుంది?"

ఆవిడ వంగి బుజ్జి నుదుటి మీద చెయ్యి వేసింది.

"పొద్దుటి నుంచీ నా చీమలు తప్పు చేయవు, తప్పు చేయవు అంటున్నావు. వాటికి జబ్బే రాదని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. నేను విన్నాను. ఇప్పుడు చెప్పు."

పెదవి కొరుక్కుంది. ఆ మనిషిని చూస్తే జాలేసింది. జైలుకి భయపడని మనిషి, తను కన్నదానిలో ఒక లోటుందని నలుగురిలో నోరు విప్పడానికి అంత నలిగిపోతోంది. నేను తొందరపెట్టలేదు. మరిది ఏదో అనబోతే చేత్తో ఆపాను.

"ఒకే ఒక్క జబ్బు ఉంది," అంది చివరికి. "చీమలన్నీ విని సర్దుకునేవే. అందులో ఒక్కటి మాత్రం వినకుండా మాట్లాడుతూ ఉంటే, అది సర్దుకోదు. మిగతావి సర్దుకుంటాయి. ఈ కాస్త, ఆ కాస్త సర్దుకుంటూ చివరికి అన్నీ దాని మాట మీదికే వస్తాయి. నూట పంతొమ్మిది చెప్పింది నిజమైనా సరే."

"తెలుసు," అన్నాను. "ప్రతి ఇంట్లోనూ అలాంటివాడొకడుంటాడు. మిగతా అందరూ పోనీలే, పోనీలే అంటుంటే ఆఖరికి వాడి మాటే సాగుతుంది. మా ఇంట్లో ఎవరో నన్నడక్కు."

మరిది ఆ మాట పట్టించుకోలేదు. వేట కనిపించినట్టు ఒక అడుగు ముందుకేశాడు. "విన్నారా! ఈవిడకి తెలుసు! చీమని చెవిటిదాన్ని చేసి, దాని కంటికెదురుగా గోడకి ఇంకో జాకెట్ వేలాడదీస్తే, అది మనిషి ఇక్కడే ఉన్నాడని అరుస్తుంది. మిగతావన్నీ నమ్మి ఇటు దారి తెరిచి, అసలు మనిషి ఉన్నచోట మూసేస్తాయి. ఇంతసేపూ ఈ సంగతి దాచింది! నేను మొదటి నుంచీ చెప్పింది ఇదే కదా?"

నిజం ఒప్పుకోవాలి, నా మరిది మొద్దు కాదు. ముందుకు దూకేటప్పుడు కాళ్ళ దగ్గర చూసుకోడు, అంతే.

"మరి బ్యాటరీ ఎందుకు మార్చినట్టు?" అడిగాను.

"చెవిటి చీమ బ్యాటరీ ఇట్టే అయిపోతుంది," అంది ఇంజనీరమ్మ. "జవాబు వచ్చేదాకా చీమ మళ్ళీ మళ్ళీ చెప్తుంది. దానికి జవాబే వినపడదు కాబట్టి ఆగకుండా అరుస్తూనే ఉంటుంది."

"అంటే మార్చకపోతే నూట పంతొమ్మిదిటికి మూడు గీతలుండి, దీనికొక్కదానికీ ఒక్క గీత కూడా ఉండేది కాదు. వెంటనే దొరికిపోయేది. అది తెలిసినవాడే మార్చాడు. మరిదిగారూ, ఈ అమ్మాయే మార్చి ఉంటే ఏ బ్యాటరీ పెట్టేది?"

మరిది వంగి చీమ నుదుటి మీది గీతలు మళ్ళీ లెక్కపెట్టాడు.

"మూడు గీతలున్నది పెట్టేది," అన్నాను. "తన చీమలు బరువు సమానంగా పంచుకుంటాయని ఈవిడకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. నిండు బ్యాటరీ పెట్టినవాడికి సగమే తెలుసు. చెవిటి చీమ బ్యాటరీ అయిపోతుందని తెలుసు, చీమలన్నీ సమానంగా ఉంటాయని తెలియదు."

కానిస్టేబుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరిది మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అంతా మీ నోటి మాటే కదా. చీమలకి నిజంగా ఈ జబ్బుందని, అది తప్ప ఇంకేదీ లేదని నా కళ్ళతో చూడాలి. అప్పటిదాకా నాలుగు గంటలు నాలుగు గంటలే."

"చూపిస్తాను," అంది ఇంజనీరమ్మ నాకంటే ముందే.

ఇంకో జాకెట్ కావాలంది. కొత్తవి ఎక్కడుంటాయని అడిగితే పెద్దసారు గదిలో బీరువాలో అని చెప్పింది. ఒక కానిస్టేబుల్ వెళ్ళి ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని మూలన గోడకున్న మేకుకి, బుజ్జి కంటికెదురుగా తగిలించింది. ఇంకా చెవి మూయలేదు. తర్వాత గుమ్మం దగ్గరున్న జాకెట్ తనే తొడుక్కుంది.

"నువ్వెందుకమ్మా?" అన్నాను. "కుర్చీనో, బొమ్మనో పంపుదాం."

"నా చీమల దగ్గరికి నేను కాకపోతే ఎవరు వెళ్తారు మేడమ్?" అంది. మీట ఎత్తించి, ర్యాకుల మధ్యకి నడిచింది.

చీమలు కదిలాయి. ఆవిడ ముందు ర్యాకులు మెల్లగా విచ్చుకున్నాయి, వెనక మూసుకున్నాయి. చక్రాల గరగర తప్ప చప్పుడు లేదు. ఆవిడ మధ్యకి చేరేసరికి అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"భయపడకండి!" లోపల్నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "మనిషి మూలనున్నాడని బుజ్జి అంటోంది. కాదు, ఇక్కడున్నాడని మిగతావి అంటున్నాయి. బుజ్జికి చెవులున్నాయి కాబట్టి అదీ అనుమానంలో పడింది. గొడవ తేలేదాకా ఎవరూ కదలకూడదని నేర్పాను. ఎంతసేపైనా నిలబడే ఉంటాయి. మేడమ్, నన్ను చూడండి, జాకెట్ అంచుకైనా తగల్లేదు!"

ర్యాకుల అరల మధ్యలోంచి చూశాను. అటూ ఇటూ రెండు నిలువుల ఎత్తు బరువు మధ్య చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆ మొహంలో గర్వం చూడాలి! పరాయిదాన్ని, నాకే ఛాతీ పొంగింది. మూలనున్న జాకెట్ తీయించి, దారి తెరుచుకున్నాక ఆవిడ బయటికొచ్చేసరికి, మరిది తనకి తెలియకుండానే టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు రెండోది," అంది. ఆ గొంతులో ఉత్సాహం లేదు. మూలన జాకెట్ మళ్ళీ తగిలించి, మాత్రల అట్ట రేకు చింపి, జిగురు పట్టీతో బుజ్జి చెవికి అంటించింది. తన జాకెట్ విప్పి ఆఫీసులోని చక్రాల కుర్చీకి తొడిగి, ర్యాకుల మధ్యకి బలంగా తోసింది. కుర్చీ దొర్లుకుంటూ వెళ్ళి మధ్యలో ఆగింది.

చీమలు మళ్ళీ ఆగాయి. తర్వాత ఒకటి కదిలింది. దాని పక్కది కదిలింది. ఒకదాన్ని చూసి ఒకటి, ఏదో నచ్చజెప్పించుకున్నట్టు, మూల వైపు దారి తెరవడం మొదలుపెట్టాయి. కుర్చీ ఉన్న వైపు ర్యాకులు దగ్గరికి జరిగాయి. ఫట్‌మని చప్పుడైంది. కుర్చీ చెయ్యి విరిగి గుమ్మం దాకా ఎగిరొచ్చి పడింది.

కానిస్టేబుల్ పరిగెత్తి ఎర్ర మీట నొక్కాడు. ఇంజనీరమ్మ మొహం చేతుల్లో దాచుకుంది. "నాకు తెలుసు," అంది. "తెలిసి కూడా నిన్నటి నుంచీ నోరు మూసుకున్నాను. ఇది బయటపడితే చీమల్ని ఎవరూ నమ్మరని, తుక్కులో వేస్తారని భయపడ్డాను."

ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. "అబద్ధం చెప్పి చీమని చెవిటిదాన్ని చేసినవాడిది తప్పు. విన్న చీమలది కాదు. ఇప్పుడొక్క మాట చెప్పు. ఈ జబ్బు సంగతి నువ్వు ఎవరెవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు." తలెత్తింది. "ఒక్కరికి తప్ప."

ఇంతలో జాకెట్ తెచ్చిన కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇందాకే చెబుదామనుకున్నాను. బీరువాలో జాకెట్లన్నీ కవర్లో మడతపెట్టి ఉన్నాయండి. ఒకదాని కవరు మాత్రం చిరిగి ఉంది. ఎవరో తొడుక్కుని మళ్ళీ కుక్కినట్టు."

"ఎవరికి చెప్పావమ్మా?" అన్నాను మళ్ళీ.

"పెద్దసారుకి," అంది. అంటూనే ఆవిడ మొహంలో రంగు పోయింది. "చీమల్ని కొనేటప్పుడు ఆయన గదిలో కూర్చుని చెప్పాను. ఒక్క చీమ చెవి పోతే ఇంత ప్రమాదం, దాని బ్యాటరీ కూడా ఇట్టే అయిపోతుంది, ఇంకొక్క నెల గడువిస్తే చెవి పనిచేస్తోందో లేదో చీమే చూసుకునేలా చేస్తానన్నాను. గడువు లేదన్నాడు. సరే, బ్యాటరీ తేడాని బట్టి మనమే ఎలా కనిపెట్టాలో చెప్తాను, చీమలన్నీ సమానంగా ఉంటాయి కాబట్టి అని మొదలుపెట్టేసరికి లేచి వెళ్ళిపోయాడు. ఎవరైనా మాట్లాడుతుంటే చివరిదాకా వినే అలవాటు ఆయనకి లేదు మేడమ్."

సగం విన్నవాడు. నిన్న అందర్నీ బయటికి పంపి, జాకెట్ తీసి, రేకు పీకి, బ్యాటరీ మార్చడానికి కావలసినంత సేపు లోపల ఒక్కడే ఉన్నవాడు. యంత్రం తప్పని రాసిమ్మని పొద్దుటి నుంచీ ప్రాణం తీస్తున్నవాడు. పాడైన మందుల్ని బయటికి పంపాలంటే బాబాయి అడ్డు తొలగించుకోవాల్సినవాడు.

నేను మరిది వంక చూశాను. మా ఇద్దరి మధ్యా ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న పోటీలో ఆయన నా వంక అలా చూడటం అదే మొదటిసారి. "వదినా," అన్నాడు. వెనక 'గారూ' లేదు. "నువ్వే నెగ్గావు. పద, పెద్దసారు ఎక్కడున్నాడో..."

మాట పూర్తికాకముందే జేబులోంచి ఫోన్ లాగాడు. ఆసుపత్రిలో బాబాయి గది ముందు కాపలా పెట్టిన కానిస్టేబుల్‌కి చేసి, మాకందరికీ వినపడేలా స్పీకర్ నొక్కాడు.

"మంచి కబురు సార్!" అన్నాడు అవతలివాడు హుషారుగా. వెనక కప్పులూ సాసర్ల చప్పుడు వినిపిస్తోంది. "ఇప్పుడే బాబాయికి తెలివొచ్చింది. ఏదో చెప్పాలంటున్నాడు. మీకు ఫోన్ చేద్దామనుకుంటుండగానే పెద్దసారు వచ్చారు. పాపం, బాబాయి భార్యని ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చమని తన కారులో పంపించారు. నన్ను కూడా టీ తాగి రమ్మని..."

"నువ్వెక్కడున్నావురా ఇప్పుడు?"

"కింద క్యాంటీన్‌లో సార్."

"గదిలో ఎవరున్నారు?"

"పెద్దసారొక్కరే. నేను చూసుకుంటాను, పిలిచేదాకా ఎవరూ లోపలికి రావద్దన్నారు. నర్సుకి కూడా చెప్పారు. తలుపు వేసుకున్నారు సార్."

నేను మరిది చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

"ఒరేయ్, కప్పు అక్కడ పెట్టు!" అని అరిచాను. "పైకి పరిగెత్తు! తలుపు పగలగొట్టు!"

"పెద్దసారు వద్దన్నారు కదండీ..." అని నసిగాడు వాడు, అందరిలాగే సర్దుకుపోతూ.

"ఆయన మాట వినకు!" అని కేక పెట్టింది నా పక్కనుంచి ఇంజనీరమ్మ. "ఎవరేమన్నా సరే, ఆయన మాట మాత్రం వినకు!"

ఫోన్‌లో కుర్చీ పడ్డ చప్పుడు, మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించాయి. మేం ముగ్గురం అప్పటికే జీపు వైపు పరిగెత్తుతున్నాం.